కేసు కాగితం మీద రెండు నంబర్లెందుకు?

తెనాలి నుంచి ఒక సోదరి వ్రాసిన ఉత్తరానికి ఈ వారం కాస్త వివరంగా జవాబు చెప్పవలసి ఉంది. ఆమె అడిగింది ఆస్పత్రి వాళ్ళు ఇచ్చిన ఒక కాగితం గురించి. కాని ఆ కాగితాన్ని సరిగ్గా అర్థం చేసుకోవడం మీదే ఆమె భర్త రెండో కన్ను ఆధారపడి ఉంది. ఉత్తరంలో ముఖ్యమైన భాగం ఇది:

"మావారికి యాభై నాలుగేళ్ళు. పన్నెండేళ్ళుగా షుగరు ఉంది. మందుబిళ్ళలు గుర్తున్న రోజు వేసుకుంటారు, లేని రోజు లేదు. రెండు నెలల క్రితం కుడికన్ను ఎర్రబడి, విపరీతమైన పోటు వచ్చి, వాంతులయ్యాయి. పైత్యం అనుకుని రెండు రోజులు నిమ్మరసం ఇచ్చాం. తర్వాత కంటి ఆస్పత్రికి తీసుకెళితే నీటికాసులు అన్నారు. వారం రోజులు ఉంచుకుని పంపించారు. పోటు తగ్గింది గాని ఆ కంటికి వెలుతురు తప్ప మరేమీ తెలియడం లేదు. డిశ్చార్జి కాగితంలో వ్యాధి అన్నచోట 'ఇ 11.3' అనీ, దాని కింద 'హెచ్ 42.0' అనీ రెండు నంబర్లు వేశారు. బీమా వాళ్ళు 'వైద్యం చేసింది కంటికి గదా, పైన షుగరు నంబరెందుకు?' అని కాగితాలు తిప్పి పంపారు. మా మరిది ఆస్పత్రికి వెళ్ళి పై నంబరు కొట్టేయించుకు వస్తానంటున్నాడు. మావారేమో 'కంటి డాక్టరు చుక్కలు ఇచ్చాడుగా, ఇక షుగరు డాక్టరు దగ్గరికెందుకు?' అంటున్నారు. ఏం చేయమంటారు?"

జవాబు: అమ్మా, ఆ పై నంబరు కొట్టేయించవద్దు. ఆ కాగితం మీద అన్నిటికంటె అవసరమైన మాట అదే. కింది నంబరు మీవారి కంటికి ఏమైందో చెబుతుంది. పై నంబరు అది ఎందుకైందో చెబుతుంది. ఎందుకైందో వదిలేసి ఏమైందో దానికే మందు వేస్తూ కూర్చుంటే, బాగా ఉన్న ఎడమ కన్ను కూడా అదే దారి పడుతుంది.

ఆ నంబర్ల భాష

వ్యాధులకు నంబర్లు వేసే పద్ధతి కొత్తదేమీ కాదు. మరణాలు ఏయే కారణాల వల్ల సంభవిస్తున్నాయో దేశదేశాల లెక్కలు ఒకే తీరుగా ఉండాలని జాక్ బెర్టిలాన్ అనే ఫ్రెంచి గణాంక నిపుణుడు 1893లో ఒక పట్టిక తయారు చేశాడు. 1948లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ పనిని తన చేతికి తీసుకుని, మరణాలకే కాక వ్యాధులకూ ఆ పట్టికను విస్తరించింది. దాని పదవ కూర్పును 1990లో ఆమోదించారు. పదకొండవ కూర్పు 2022 జనవరి నుంచి అమలులోకి వచ్చింది గాని, పదవ కూర్పు నంబర్లే వ్రాస్తున్న ఆస్పత్రులు ఇంకా చాలా ఉన్నాయి. మీ కాగితం మీదివీ అవే.

పదవ కూర్పులో ప్రతి నంబరుకూ ముందు ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. 'ఇ' అంటే వినాళగ్రంథుల, పోషణకు సంబంధించిన వ్యాధులు. అందులో 11 పెద్దవయసులో సాధారణంగా వచ్చే రెండో రకం మధుమేహం. చుక్క తర్వాత 3 ఉంటే, ఆ మధుమేహం కంటిని దెబ్బతీసిందని అర్థం. 'హెచ్' అక్షరం కింద కళ్ళూ చెవులూ వస్తాయి. హెచ్ 40 అంటే గ్లాకోమా, అనగా నీటికాసులు. హెచ్ 42 కూడా నీటికాసులే. అయితే అది కంటిలో పుట్టింది కాదు, వేరొకచోట నమోదైన వ్యాధి వల్ల కంటికి వచ్చింది. హెచ్ 42.0 అంటే మధుమేహం వంటి వ్యాధుల వల్ల వచ్చినది. హెచ్ 42.8 అంటే తక్కిన వ్యాధుల వల్ల వచ్చినది. ఈ రెండో దానికి ఆ గ్రంథంలో ఇచ్చిన ఉదాహరణ ఆఫ్రికాలో ఏటి ఒడ్డు గ్రామాలవారికి నల్ల ఈగ కాటువల్ల సోకే ఒక పురుగు వ్యాధి.

ఇప్పుడు బీమావారి ప్రశ్నకు వద్దాం. పట్టికలో హెచ్ 42 పక్కన చిన్న నక్షత్రం గుర్తు ఉంటుంది. అలాంటి నంబరుకు మూలమైన వ్యాధి నంబరుకు బాకు గుర్తు వేస్తారు. నియమం ఏమిటంటే, బాకు గుర్తు నంబరు ముందు వ్రాయాలి. నక్షత్రం నంబరును ఎన్నడూ ఒంటరిగా వ్రాయరాదు. కాబట్టి మీ ఆస్పత్రివారు చేసింది పొరపాటు కాదు. నియమం ప్రకారమే చేశారు. మీ మరిదిగారు ఆస్పత్రికి వెళ్ళవలసింది నంబరు కొట్టేయించడానికి కాదు, రికార్డుల విభాగంలో అడిగి "ఇది మధుమేహం మూలంగా వచ్చిన గ్లాకోమా. హెచ్ 42.0ను మూలవ్యాధి నంబరు లేకుండా వ్రాయడానికి వీలులేదు" అని డాక్టరుగారి సంతకంతో ఒక చీటీ తెచ్చుకోవడానికి. ఆ చీటీని బీమా కాగితాలకు జతపరచండి. డబ్బు కోసం కాగితాన్ని దిద్దిస్తే రేపు ఆ కాగితాన్ని చూసే మరో డాక్టరు కూడా మోసపోతాడు. అప్పుడు నష్టపోయేది కన్ను.

కంటిలో జరిగినదేమిటి?

మన కంటి ముందు భాగంలో పలచని నీరు ఎప్పటికప్పుడు ఊరుతూ, కనుపాప గుండా వచ్చి, అంచున ఉన్న జల్లెడ వంటి దారిలో బయటికి పోతూ ఉంటుంది. ఊరినంత పోతే కంటి ఒత్తిడి సరిగా ఉంటుంది. మామూలు ఒత్తిడి పాదరస మట్టంలో సుమారు 10 నుంచి 21 మిల్లీమీటర్లు. జల్లెడ మూసుకుంటే నీరు నిలిచి, ఒత్తిడి పెరిగి, కంటి వెనుక ఉన్న దృష్టినరం నలిగిపోతుంది. ఒకసారి నలిగిన నరం మళ్ళీ బాగుపడదు. పోయిన చూపు ఏ మందుతోనూ తిరిగి రాదు. నీటికాసులంటే డాక్టర్లు అంత భయపడడం అందుకే.

ఏ ఇతర వ్యాధీ లేకుండా ఆ దారి తనంతట తానే పాడైతే దానిని ప్రాథమిక గ్లాకోమా అంటాం. అది కుటుంబంలో వచ్చే అవకాశం ఉంది. మీవారిది అది కాదు. ఏళ్ళ తరబడి షుగరు అదుపులో లేకపోవడం వల్ల కంటి వెనుక తెరలో ఉన్న సన్నని రక్తనాళాలు మూసుకుపోయాయి. రక్తం అందని తెర ఒక రసాయనాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో కొత్త రక్తనాళాలు పుట్టుకొస్తాయి. అవి మేలు చేసేవి కావు. పాడుపడిన ఇంటి గోడకు రావి మొక్క పట్టినట్టు కనుపాప చుట్టూ ఉన్న రంగు పొర మీదికి పాకి, నీరు పోయే దారిని కప్పివేస్తాయి. అప్పుడు ఒత్తిడి నలభై, యాభై కూడా దాటుతుంది. ఆ పోటుకే వాంతులు వచ్చాయి. పైత్యం కాదు.

ఇదే రకం నీటికాసులు రక్తపుపోటు ఉన్నవారిలోనూ చూస్తాం. కంటి వెనుక తెరలోని పెద్ద సిర మూసుకుపోయి ఒకనాడు హఠాత్తుగా చూపు మందగిస్తుంది. నొప్పి ఉండదు కాబట్టి చాలామంది ఊరుకుంటారు. సుమారు మూడు నెలలకు ఒత్తిడి పెరిగి కన్ను ఎర్రబడుతుంది. అందుకే దీనికి "వంద రోజుల గ్లాకోమా" అని పేరు వచ్చింది. ఆ వంద రోజులూ చికిత్సకు మనకు దొరికిన గడువు. దానిని పోగొట్టుకోకూడదు.

కారణం మారితే మందు మారుతుంది

"ఏ నీటికాసులైతేనేం, చుక్కలు చుక్కలే గదా" అనుకోవడం పొరపాటు. కనుపాపను చిన్నది చేసే పైలోకార్పిన్ అనే మందు ఉంది. ఒక రకం ప్రాథమిక గ్లాకోమాకు అది పనికివస్తుంది. కాని కన్ను లోపల వాచి వచ్చిన నీటికాసులకూ, మీవారికి వచ్చినటువంటి దానికీ అదే మందు వేస్తే వాపు హెచ్చి ఇంకా చెడుతుంది. అలాగే వాచిన కంటికి కనుపాపను విప్పే మందు వేయాలి. అదే మందు కన్నులోని దారి ఇరుకుగా ఉన్నవారికి వేస్తే హఠాత్తుగా ఒత్తిడి పెరిగి ప్రమాదం రావచ్చు. వ్యాధి పేరు ఒకటే. ఒకరికి మందు అయినది మరొకరికి విషం. కారణం తెలియకుండా పక్కింటివారి చుక్కలు తెచ్చి వేసుకోవద్దని మేము మొత్తుకునేది ఇందుకే.

కారణం కంటిలో కనబడకపోవడం కూడా ఉంది. ఆవనూనెలో బ్రహ్మదండి గింజల నూనె కలిస్తే కాళ్ళ వాపు, ఆయాసం, వాటితోపాటు నీటికాసులు వస్తాయి. 1998లో ఢిల్లీలో ఆ కల్తీ నూనె తిని అరవైమందికి పైగా చనిపోయారు. అలాంటి రోగి కన్ను పైకి తెల్లగా, శుభ్రంగా ఉంటుంది. లోపల ఒత్తిడి మాత్రం పెరిగి ఉంటుంది. కన్ను ఒక్కటే చూసే డాక్టరు చుక్కలు వ్రాసి పంపుతాడు. పాదాలు కూడా చూసిన డాక్టరు ఇంట్లో నూనె మార్పిస్తాడు. ఇంటిల్లిపాదీ బతుకుతారు.

మీరు చేయవలసినవి

1. మీవారి ఎడమ కంటిని, చూపు బాగానే ఉన్నా, ఈ వారంలోనే రెటీనా వైద్యునికి చూపించండి. వెనుక తెరలో రక్తం అందని భాగాలుంటే లేజరుతో కాలుస్తారు. అవసరమైతే కొత్త రక్తనాళాలను ఎండగట్టే ఇంజెక్షను కంటిలోకి ఇస్తారు. ఇంజెక్షను ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది కాబట్టి "సూది అయింది, లేజరెందుకు?" అనవద్దు.

2. కుడికంటికి చుక్కలు మానవద్దు. చూపు రాకపోయినా పోటు తిరగబెట్టకుండా, ఉన్న వెలుతురు పోకుండా అవి అవసరం.

3. షుగరు డాక్టరు దగ్గరికి తప్పక వెళ్ళాలి. కంటి డాక్టరు నీరు పోయే దారి చూస్తాడు. ఆ దారికి అడ్డం పడుతున్నదాన్ని ఆపవలసింది షుగరు డాక్టరూ, మీవారూ. మూడు నెలల సగటు షుగరు పరీక్ష, రక్తపుపోటు, మూత్రపిండాల పరీక్ష చేయించండి.

4. ఉబ్బసం గాని, గుండె నెమ్మదిగా కొట్టుకునే జబ్బు గాని, గంధకపు మందులు పడకపోవడం గాని ఉంటే కంటి డాక్టరుకు ముందే చెప్పండి. కొన్ని కంటి చుక్కలు ఉబ్బసాన్ని రేపుతాయి.

5. ఆ డిశ్చార్జి కాగితానికి నకళ్ళు తీయించి, ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా ఒకటి చూపించండి. పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళినా సరే.

మీవారికి ఒక మాట చెప్పండి. ఎడమ కన్ను ఇవాళ బాగుంది. దానిని అలాగే ఉంచుకోవడానికి ఇంకా సమయం ఉంది. కుడి కన్ను విషయంలో మనకు ఆ సమయం దొరకలేదు.

మరికొన్ని ఉత్తరాలు

ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా: మా అమ్మకు డెబ్బై ఏళ్ళు. ఎడమ కంటిలో శుక్లం. ముదిరితే గాని కోయకూడదని ఊళ్ళో అన్నారని మూడేళ్ళుగా ఆగాం. ఇప్పుడు కన్ను ఎర్రబడి, నొప్పిగా ఉంది. పాప తెల్లగా కనబడుతోంది. ఏవైనా చుక్కలు చెప్పండి.

జవాబు: చుక్కలు చెప్పను. ఈ పత్రిక మీ చేతికి అందిన రోజే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. శుక్లం ముదిరేదాకా ఆగడం పాతకాలపు మాట. ఈనాటి ఆపరేషన్లకు ఆ అవసరం లేదు. మరీ ముదిరిన శుక్లం లోపలే కరిగి, ఆ పదార్థం బయటికి కారి, నీరు పోయే జల్లెడను మూసేస్తుంది. లేదా శుక్లం ఉబ్బి దారిని నొక్కేస్తుంది. రెండింటి ఫలితమూ నీటికాసులే. కేసు కాగితంలో దీనిని హెచ్ 40.5 కింద, అనగా కంటిలోనే ఉన్న మరో వ్యాధి వల్ల వచ్చిన నీటికాసులుగా వ్రాసి, శుక్లానికి మరో నంబరు వేస్తారు. చికిత్సా అదే వరుసలో ఉంటుంది. ముందు ఒత్తిడి తగ్గించి, తర్వాత శుక్లం తీసివేస్తారు. ఆలస్యం కాకపోతే చూపు దక్కవచ్చు. మీ ఊళ్ళో ముదిరేందుకు ఆగుతున్నవాళ్ళు ఇంకెవరైనా ఉంటే వారికీ ఈ జవాబు చదివి వినిపించండి.

ఒక తల్లి, కర్నూలు: మా అబ్బాయికి పదకొండేళ్ళు. ఏటా ఎండాకాలం కళ్ళు దురదలు, ఎరుపు. రెండేళ్ళ క్రితం డాక్టరు వ్రాసిన చుక్కలు ఇప్పటికీ మందుల షాపులో కొని వేస్తున్నాం. వేయగానే చల్లగా తగ్గిపోతుంది. ఎన్నాళ్ళు వేయవచ్చు?

జవాబు: సీసా మీద డెక్సామెథసోన్, బీటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ వంటి పేరు ఉందేమో చూడండి. ఉంటే అవి స్టీరాయిడ్ చుక్కలు. డాక్టరు చెప్పిన కొద్ది రోజులకే అవి మేలు చేస్తాయి. నెలల తరబడి వేస్తే కొందరిలో కంటి ఒత్తిడి పెరిగిపోతుంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు. పిల్లవాడికి ఏమీ తెలియదు. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. దీనికి హెచ్ 40.6 అనే నంబరే ఉంది. మందుల వల్ల వచ్చిన నీటికాసులని దాని అర్థం.

నా తొలినాళ్ళలో జరిగింది చెబుతాను. ఒక కుర్రవాడికి ఒత్తిడి ఎక్కువ ఉందని చూసి, కేసు కాగితంలో "గ్లాకోమా" అని ఒక్క మాట వ్రాసి చుక్కలు ఇచ్చాను. మూడు నెలలైనా ఒత్తిడి తగ్గలేదు. మందు మార్చాను. మళ్ళీ తగ్గలేదు. ఒకరోజు అతను జేబులోంచి నా చుక్కల సీసా తీస్తుంటే దానితోపాటు మరో సీసా కింద పడింది. దురదకు షాపులో కొన్న స్టీరాయిడ్ చుక్కలు! పొద్దున నా మందు, రాత్రి ఆ మందు. నేను తగ్గించినదాన్ని అది పెంచుతోంది. "వేరే చుక్కలేమైనా వేస్తున్నావా?" అని నేను మొదటిరోజే అడిగి ఉంటే ఆ మూడు నెలలు పోయేవి కావు. ఒత్తిడి తర్వాత తగ్గింది గాని, అప్పటికే పోయిన చూపును తెచ్చి ఇవ్వలేకపోయాను. ఆనాటి నుంచి కారణం అన్న గడి నింపకుండా కాగితం మీద సంతకం పెట్టను.

మీ అబ్బాయికి వెంటనే ఒత్తిడి, దృష్టినరం పరీక్ష చేయించండి. దురదకు స్టీరాయిడ్ కాని మందులు ఉన్నాయి. చల్లని నీటి గుడ్డ కూడా ఉపశమనం ఇస్తుంది. ఒక హెచ్చరిక: ఉబ్బసానికో కీళ్ళకో స్టీరాయిడ్ మాత్రలు మింగుతున్న పెద్దవాళ్ళు ఇది చదివి వాటిని తటాలున మానవద్దు. అది మరో ప్రమాదం. డాక్టరుతో చెప్పి, కళ్ళు పరీక్ష చేయించుకుంటే చాలు.

ఒక యువకుడు, కరీంనగర్: ఎనిమిదేళ్ళ క్రితం క్రికెట్ బంతి తగిలి కుడికంట్లో రక్తం చేరింది. వారంలో తగ్గింది. ఇప్పుడు కళ్ళజోడు కోసం వెళితే ఆ కంటిలో ఒత్తిడి ఎక్కువ ఉందన్నారు. పాత దెబ్బకూ దీనికీ సంబంధం ఉంటుందా?

జవాబు: ఉండవచ్చు. అప్పుడు రక్తం చేరిందంటే నీరు పోయే దారి అంచు చిరిగి ఉండే అవకాశం ఉంది. ఆ మచ్చ ఏళ్ళ తర్వాత ఒత్తిడి పెంచుతుంది. దెబ్బ సంగతి డాక్టరుకు చెప్పారా? చెప్పకపోతే ఆయన ప్రాథమిక గ్లాకోమా అనుకోవచ్చు. అప్పుడు మీ అన్నదమ్ములందరూ అనవసరంగా భయపడతారు. చెబితే అద్దం ఉన్న కటకంతో ఆ అంచును చూసి తేలుస్తారు. హెచ్ 40.3 దెబ్బవల్ల వచ్చిన నీటికాసుల నంబరు. కంటికి గట్టి దెబ్బ తగిలిన వారెవరైనా బతికినంతకాలం ఏటా ఒకసారి ఒత్తిడి చూపించుకోవడం మంచిది.

ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఖమ్మం: నా కాగితంలో "హెచ్ 40.9" అని మాత్రమే ఉంది. దాని భావమేమి?

జవాబు: నీటికాసులే, కాని ఏ రకమో తేల్చి వ్రాయలేదని భావం. మొదటిరోజు తొందరలో అలా వ్రాస్తే తప్పులేదు. ఆరు నెలల తర్వాత కూడా అదే ఉంటే మాత్రం మీ డాక్టరుగారిని మర్యాదగా ఒక ప్రశ్న అడగండి: "ఇది నాకు ఎందువల్ల వచ్చిందండీ?" మీకున్న ఇతర జబ్బులు, వాడుతున్న మందులు, ఎప్పుడో తగిలిన దెబ్బలు అన్నీ ఒక కాగితం మీద వ్రాసి తీసుకెళ్ళండి. ఏ కారణమూ లేదని తేలితే అదీ తెలుసుకోదగ్గ సంగతే. అప్పుడు మీ పిల్లలు, తోబుట్టువులు కళ్ళు పరీక్ష చేయించుకోవాలి.

షుగరు ఉన్న పాఠకులందరికీ చివరగా ఒక మాట. రెండో రకం మధుమేహం ఉందని తెలిసిన నాడే ఒకసారి, ఆ తర్వాత ఏటా ఒకసారి, కనుపాప విప్పి కంటి వెనుక తెర చూపించుకోండి. చూపు బాగుందని ఆగవద్దు. తెనాలి సోదరి భర్తకు కూడా రెండు నెలల క్రితం దాకా చూపు బాగానే ఉంది.